నాలుగు మూలలా పసుపు

పసుపు మీద నాకు కోపం లేదు. అది ఏ పాపమూ ఎరగదు. మా వంటింట్లో పోపుల డబ్బాలో ఇప్పటికీ దాని చోటు దానిదే. నా కోపమంతా దాన్ని నీళ్ళతో తడిపి, వేలితో తీసి, ఒక తాటాకుకు నాలుగు మూలలా అద్దిన మనిషి మీద. చుట్టూ నిలబడి ఫోన్లలో ఫొటోలు తీసుకున్న వాళ్ళ మీద. వాళ్ళలో మా ఆయన కూడా ఉన్నాడు కాబట్టి, ఇంటికొచ్చాక కూడా ఈ కోపం చల్లారే దారి లేదు.

మేముండేది ఐర్లండులో, కార్క్ దగ్గర. మా ఆయన రింగాస్కిడీలో ఒక మందుల ప్లాంటులో ఇంజనీరు. నేను అలాంటిదే ఇంకో ప్లాంటులో రికార్డులు సరిచూసే పని చేస్తాను. ఎవరు ఏ పూట ఏ మందులో ఏం కలిపారో రాసిన కాగితాలు నా బల్ల మీదికి వస్తాయి. ఎక్కడైనా కొట్టివేత కనిపిస్తే ఎవరు కొట్టేశారు, ఎందుకు కొట్టేశారు అని అడుగుతాను. ఇక్కడికి రాకముందు గుంటూరులో తెలుగు పాఠాలు చెప్పేదాన్ని. పాత టీకల మీద పరిశోధన మొదలుపెట్టి, పెళ్ళి, వీసా, ఐర్లండు అంటూ సగంలో వదిలేశాను. టీక అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పూర్వం పండితులు సంస్కృత కావ్యాన్ని పిల్లలకు చదివించడానికి పద్యం పద్యానికీ తెలుగులో రాసిపెట్టిన వివరణ. చదువు వదిలేసినందుకు నేను ఏడవలేదు గానీ, ఇక్కడ పార్టీల్లో ఎవరైనా "తెలుగులో పీహెచ్‌డీనా? దానికేం జాబ్స్ ఉంటాయండీ" అని నవ్వితే మాత్రం ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది.

హార్బర్ పక్కన ఒక చిన్న ఊళ్ళో, పాత బడి భవనంలో మ్యూజియం ఉంది. పడవ బొమ్మలు, లంగర్లు, తుప్పు పట్టిన తాళాలు, ఎవరివో పాత ఫొటోలు. దాన్ని చూసుకునేది అరవై దాటిన ఒకావిడ. ఆవిడ లైబ్రరీ బోర్డు మీద ఒక చీటీ అంటించింది. తమ దగ్గర ఇండియా నుంచి వచ్చిన తాటాకుల కట్ట ఉందని, ఈ లిపి చదవగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే ఒకసారి రమ్మని, కింద ఒక ఆకు ఫొటో. ఎప్పుడో మద్రాసు వైపు కొలువు చేసి వచ్చిన ఒక కుటుంబం వాళ్ళ ఇంటి అటక మీద దొరికిందట. ఫొటోలో ఉన్నది తెలుగు. లైబ్రరీలో నిలబడే మొదటి పంక్తి చదివేశాను.

ఆ శనివారమే వెళ్ళాను. ఇక్కడ అల్మరాను ప్రెస్ అంటారు. ఆవిడ ప్రెస్ తెరిచి పెట్టె తీసి, స్పంజి దిండు మీద కట్ట విప్పింది. నా చేతులు కడిగించింది, ఆరేదాకా ఆగమంది. ఆకులు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. పల్చని వెదురు బద్దతో ఆవిడే ఒక్కొక్కటి విడదీసేది. ఈ తడి దేశంలో అంతకంటే తొందరపడితే విరిగిపోతాయంది. చీటీ మీది ఆ ఒక్క ఫొటో తప్ప, నిపుణులు వచ్చి అన్నీ విడదీసేదాకా ఇంకే ఫొటోలూ తీయకూడదన్నది మ్యూజియం నియమం. కాబట్టి శనివారానికి ఒకటో రెండో ఆకులు, నేను పైకి చదవడం, ఆవిడ వినడం. ఒక్క ముక్క అర్థం కాకపోయినా విని "గ్రాండ్" అనేది. ఇక్కడ బాగుందన్నా, ఫరవాలేదన్నా ఆ మాటే.

మొదటి ఆకులు విరిగిపోయాయి, అందుకని ఆ పండితుడి పేరు నాకు తెలియదు. భాష చూస్తే మధ్యయుగపు మనిషి. ఆకులు మాత్రం అంత పాతవి కావు. తాటాకు మూడు నాలుగు వందల ఏళ్ళు బతికితే గొప్ప. ఆయన రాసినదానికి ఎవరో ప్రతి రాశారు, ఆ ప్రతికి ఇంకెవరో ప్రతి రాశారు, అలా చేతులు మారుతూ వచ్చింది. ఆయన టీక రాసిన కావ్యం కూడా నేనెప్పుడూ చదివింది కాదు. ఇంకెక్కడైనా ఈ టీక ఉందో లేదో నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా ఈ కట్టే.

మనిషి ఎలాంటివాడంటే, పద్యం ఇచ్చి ముందు క్రియను పట్టుకుంటాడు. వచ్చెను అని ఉందనుకోండి. వచ్చినది ఎవరు, ఎటువంటివాడు, ఎక్కడినుంచి, ఎందుకొరకు, ఎవరితో కూడి, అని వరసగా ప్రశ్నలు వేస్తాడు. ప్రతి ప్రశ్నకూ పద్యంలోంచి ఒక మాట లేచి జవాబు చెప్పాలి. ఒక్క మాట మిగిలిపోయినా ఒప్పుకోడు. పిల్లలు ఎదురుగా కూర్చుని ఉన్నట్టే ఉంటుంది. అవును, ఆయన రాసింది వాళ్ళ కోసమే. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో చదువు కోసం వచ్చి, రోజుకో ఇంట్లో వారాలు చేసుకుని తినే కుర్రాళ్ళు. అందుకేనేమో ఆయన ఉదాహరణల్లో ఏనుగులుండవు, వజ్రాలుండవు. పెరుగు, కుండ, తడిసిన కట్టెలు, అన్నం ఉడకడం. ఒకచోట షరతు ఎలా చెప్పాలో వివరిస్తూ, మంగళవారం ఇంటివాళ్ళు ఊరెళ్ళారంటే శిష్యుడు పస్తే అంటాడు. అది చదివి నేను ఆగిపోయాను. అంత వ్యాకరణం మధ్య, ఏ కుర్రాడు ఆ మంగళవారం తిండి లేకుండా పాఠానికి వచ్చాడో ఆయనకు గుర్తుంది.

కోపం కూడా తక్కువేం కాదు. 'కొందరు' అని మొదలుపెట్టాడంటే ఆ కొందరి పని అయిపోయినట్టే, ఉతికి ఆరేస్తాడు. పద్యం చెవిన పడగానే తలలూపి ఆహా అనేవాళ్ళంటే ఆయనకు పరమ అసహ్యం. అర్థం అడిగితే వాళ్ళు ఇంటి చూరు వైపు చూస్తారంటాడు. ఆ ముక్క దగ్గర నేను పగలబడి నవ్వితే మ్యూజియం ఆవిడ కంగారు పడి మంచినీళ్ళు తెచ్చింది. నాకు తగ్గ మనిషి దొరికాడనుకున్నాను. సగంలో వదిలేసిన చదువు ఈయనతోనే పూర్తి చేస్తానని, ఈ టీకను చివరి ఆకుదాకా చదివి అచ్చు వేయిస్తానని ఆవిడతో అన్నాను. వేయించండి, నిపుణులను నేను పిలిపిస్తాను అంది. ఆ చలికాలమంతా నేను వారంలో శనివారం కోసమే బతికాను, మళ్ళీ వేసవి వచ్చి పోయినా అంతే.

దసరా నవరాత్రులకు ముందు శనివారం ఒక పద్యం దగ్గర ఆగాం. ఎవరో ఒక వాకిట నిలబడి ఉన్నారు, లోపలికి రమ్మన్నా రావడం లేదు. ఇంతకీ నిలబడింది ఎవరో పద్యం తిన్నగా చెప్పదు. మన పండితుడు అందుకున్నాడు. నిలిచినది రాజు అని కొందరు చెబుతారు. కాదు. రాజే అయితే పద్యంలో మూడు మాటలు దండగ. తల పైకెత్తని రాజేమిటి, చేతిలో ఆకు దొన్నె ఏమిటి, అరుగు మీది పాఠం వింటూ నిలబడటమేమిటి. మరి ఎవరు? అక్కడితో ఆకు అయిపోయింది. తర్వాతి ఆకు గట్టిగా అతుక్కుని ఉంది, మ్యూజియం మూసే వేళ అయింది. ఆవిడ బద్ద పెట్టి చూసి, వచ్చే శనివారం తీరిగ్గా తీద్దాం అంది. చదివిన ఆకు పైన కనిపించేలా ఉంచి పెట్టె మూసింది.

దారి పొడుగునా మా ఆయనతో ఇదే మాట్లాడాను. ప్రతి శనివారం నన్ను కారులో దింపి, బయట కూర్చుని ఫోన్ చూసుకుని, మళ్ళీ తీసుకొచ్చేది ఆయనే. ఆ మాట కాదనను. కానీ ఆ రాత్రే ఆయన వాళ్ళ ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. అక్కడినుంచి అది ఇక్కడి మన తెలుగు సంఘం అధ్యక్షుడుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన మ్యూజియానికి ఫోన్ చేసి, మా కమ్యూనిటీ అంతా వచ్చి చూడాలనుకుంటోంది అన్నాడు. మ్యూజియం ఆవిడకు పడవ బొమ్మలు చూడ్డానికి వచ్చేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. సంతోషంతో పొంగిపోయింది.

శనివారం పట్టుబట్టలతో దిగారు. అధ్యక్షుడుగారిది తూర్పుగోదావరి. మాట మెత్తన, నన్ను చెల్లెమ్మా అంటాడు. "రెండు వేల ఏళ్ళనాటి గ్రంథమంటమ్మా, మన అదృష్టం" అన్నాడు. రెండు వేలు కాదండీ అని మొదలుపెట్టబోయాను. అంతమందికి టీ ఇవ్వకపోతే బాగుండదని మ్యూజియం ఆవిడ నన్ను కప్పులు అందుకోవడానికి వెనక గదిలోకి పిలిచింది. ఈ దేశంలో ఇల్లు తగలబడుతున్నా ముందు కెటిల్ పెడతారు. మేం పాలు వెతుక్కుంటుండగా ఫైర్ అలారం మోగింది.

పరుగెత్తి వచ్చేసరికి కర్పూరం వెలుగుతోంది. పెట్టె ముందు స్టీలు పళ్ళెం, అరటిపళ్ళు, అగరొత్తులు. ఆకుకు నాలుగు మూలలా తడి పసుపు, దాని మీద కుంకుమ బొట్లు. కొత్త పుస్తకానికి మనం పెట్టుకున్నట్టే. కుంకుమ నీళ్ళు గంటం గీతల్లోకి పాకి, మసి కరిగి నల్లగా కారుతోంది. కుడివైపు కింది మూల, 'ఎవరు' అన్న మాట ఉన్నచోట, అరచేతి వెడల్పున మరక. అధ్యక్షుడుగారు కళ్ళు మూసుకుని శ్లోకం చదువుతున్నాడు.

ఈ అధ్యక్షుడుగారి ఉద్యోగం ఏమిటో తెలుసా? ఇంజక్షన్ మందులు నింపే చోట. గౌను, ముసుగు, ఒకదాని మీద ఒకటి రెండు జతల గ్లౌజులు, గడ్డానికి కూడా వల. తుమ్మితే రాసిపెట్టాలి. వారమంతా అలా బతికే మనిషి, శనివారం బాటిల్ నీళ్ళలో వేలు ముంచి, ఆ వేలితో ఆకును తాకాడు. మందు సీసాకు ఉన్నపాటి మర్యాద ఆ పండితుడికి లేకపోయింది.

"ఏం చేశారండీ ఇది" అన్నాను.

"నవరాత్రులు కదమ్మా. సరస్వతి కదా" అన్నాడు.

"నీళ్ళు తగిలితే అక్షరాలు పోతాయి."

"తాటాకుకి పసుపు మంచిదేనమ్మా. మన పెద్దోళ్ళు కూడా పూసేవోరు. వీడియోలో చూశానండి."

"అది పచ్చి ఆకుకు. పసుపు నీళ్ళలో ఉడకబెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత రాస్తారు. రాశాక మసి రుద్దుతారు. బియ్యం కడుగుతాం, వండిన అన్నాన్ని కడుగుతామా అన్నయ్యగారూ?"

ఎవరో నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. నన్ను జాలిగా చూసి, "ఎక్కువ చదివితే భక్తి తగ్గుద్దమ్మా" అన్నాడు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని "ఇక్కడొద్దులే" అన్నాడు. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ?

మ్యూజియం ఆవిడ తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ముఖం పాలిపోయింది గానీ, అలారం ఆపించి వచ్చి, అందరితో "ఫరవాలేదు, ఫరవాలేదు, గ్రాండ్" అంటూ టీ పోసింది. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారేమోనన్న భయం మనుషుల్ని ఎంత చేతకానివాళ్ళను చేస్తుందో ఆ రోజు చూశాను. నేనూ ఆవిడా మిగిలాక, దూదితో ఆ తడి అద్దుతూ ఆవిడ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. పళ్ళు కొరుక్కుంటూ ఇంటికొచ్చాను.

నిపుణురాలు డబ్లిన్ నుంచి వచ్చి చూసింది. మరక పోదు, కింది ఆకులకు ఏమీ కాలేదు, జాగ్రత్తగా విడదీయవచ్చు అంది. ఆ మాటతో నాకు మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. ఒక్క ఆకు పోతే పోయింది, అది నేను చదివిందే. తర్వాతి ఆకు ఉంది. వాకిట నిలబడ్డది ఎవరో తెలుస్తుంది అనుకున్నాను.

ఈలోగా సంఘంవాళ్ళు మ్యూజియానికి మెయిల్ పెట్టారు. అది మా పవిత్ర గ్రంథం, పూజ జరిగిన పుస్తకాన్ని మా ఆచారం ప్రకారం కదపకూడదు, చదవకూడదు. దయచేసి అద్దాల పెట్టెలో భద్రపరచండి, ఏడాదికొకసారి దర్శనానికి వస్తాం అని. మ్యూజియం కమిటీ కూర్చుని, కమ్యూనిటీ మనోభావాలను గౌరవించాలని తీర్మానించింది. నేను వెళ్ళి పోట్లాడాను. నేనూ ఆ కమ్యూనిటీ మనిషినే కదా, నా మనోభావాల సంగతేమిటి అన్నాను. మ్యూజియం ఆవిడ బల్ల మీది కాగితాలు సర్దింది.

"మీరు ఒక్కరు. ఆ మెయిల్ కింద చాలా పేర్లున్నాయి" అంది. తర్వాత నావైపు చూడకుండా, "మీ వారి పేరు కూడా ఉంది" అంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగింది రాస్తే బాగుండదు. ఆయన ఉల్లిపాయలు కోస్తున్నాడు, నేను కత్తి లాక్కుని పక్కన పెట్టి అడిగాను.

"అందరూ పేర్లు పెట్టారే. నేనొక్కణ్ణి పెట్టకపోతే ఏం బాగుంటుంది?"

"నేను చదవడం ఆగిపోతుందని తెలీదా నీకు?"

"చదివావు కదా ఏడాది నుంచి. ఇంకెంత చదువుతావ్?"

నాతో ఆ కారులో అన్ని శనివారాలు వచ్చిన మనిషి ఈ మాట అన్నాడు. ఆ తర్వాత నేను కారు నడపడం నేర్చుకున్నాను.

అధ్యక్షుడుగారి ఇంటికి కూడా వెళ్ళాను. సరే, మీ ఆచారమే మాట్లాడదామన్నాను. సరస్వతి పూజకు పుస్తకాలు పెడతాం, ఆ పూట ముట్టుకోం, నిజమే. కానీ తర్వాత ఉద్వాసన చెప్పి, పుస్తకం తీసి, నాలుగు ముక్కలు చదివి లేస్తాం. చదవకపోతే ఆ పూజ పూర్తయినట్టు కాదు. మా అమ్మ అయితే చదివి వినిపించనిదే ప్రసాదం పెట్టేది కాదు. కాబట్టి మీరే వచ్చి ఉద్వాసన చెప్పండి, నేను చదువుకుంటాను అన్నాను. ఆయన భార్య నాకు కాఫీ ఇచ్చి, నిజమేనండీ మా ఇంట్లోనూ అంతే అంది. ఆయన ఆవిడ వైపు ఒక్క చూపు చూశాడు.

"అంత పాత గ్రంథానికి ఉద్వాసన చెప్పడానికి మనమెంతటోళ్ళమమ్మా. అపచారం" అన్నాడు.

పూజ చేయడానికి ఎంతటివాళ్ళమని అడగనక్కర్లేదు గానీ, చదవనివ్వడానికి మాత్రం అర్హత వెతుక్కోవాలి. ఆ కాఫీ తాగకుండా లేచి వచ్చేశాను. ఇప్పటికీ నాకు అర్థం కానిది ఇదే. ఆ మనిషి చెడ్డవాడు కాదు. ఎవరింట్లో కష్టమొచ్చినా మొదట వచ్చేది ఆయనే. అందుకే ఆయన మీద నాకింత కోపం. చెడ్డవాడైతే అందరూ నా వైపు ఉండేవాళ్ళు.

మళ్ళీ దసరాకు అద్దాల పెట్టె తయారైంది. నాకూ పిలుపు వచ్చింది, వెళ్ళాను. వెళ్ళకుండా ఎలా ఉంటాను. మెత్తని దీపాల కింద కట్ట పడుకుని ఉంది, పైన అదే ఆకు, నాలుగు మూలలా పసుపు మరకలు. పెట్టెకు తాళం. అలారం భయంతో ఈసారి బ్యాటరీ దీపాలు తెచ్చారు. కొత్తగా వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అధ్యక్షుడుగారు వాళ్ళకు రెండు వేల ఏళ్ళ సంగతి చెప్పి, నన్ను చూసి ముందుకు పిలిచాడు. చెడ్డవాడు కాదని చెప్పాను కదా, మనసులో ఏమీ పెట్టుకోడు.

"మన చెల్లెమ్మకి ఈ లిపి వచ్చండీ. అందులో ఏం రాసుందో రెండు ముక్కల్లో చెప్పమ్మా."

చెప్పాను. మరక కింద ఉన్న మాటలు కూడా నాకు నోటికి వచ్చు. అరుగు మీద పాఠం జరుగుతోంది. ఒకరు వాకిట నిలబడి వింటున్నారు, చేతిలో దొన్నె, దించిన తల, రమ్మన్నా లోపలికి రారు. ఆ నిలబడింది ఎవరు అని గురువు పిల్లల్ని అడుగుతున్నాడు అన్నాను. ఎత్తిన ఫోన్లు దిగాయి. నిజంగా విన్నారు. ఆయన కూడా విన్నాడు. అద్దం మీదికి వంగి, మొదటిసారి ఆ అక్షరాల వైపు చూశాడు.

"ఎవరట?" అన్నాడు.

"జవాబు దీని కింది ఆకులో ఉంది."

"తీసి చూడొచ్చుగా మరి."

నేను మ్యూజియం ఆవిడ వైపు చూశాను. ఆయన అడిగింది ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ ఇబ్బందిగా చేతులు నలుపుకుంటూ, తెరవకూడదని మీరే కదా రాశారు, ఇప్పుడు కమిటీ మళ్ళీ కూర్చోవాలి, మీరు రాసి అడిగితే తప్పకుండా కూర్చుంటారు అంది. ఒక్క మెయిల్ చాలు. ఆయన అడిగితే చాలు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఏడాది కోపం మింగేసి, "అడగండి అన్నయ్యగారూ" అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. వెనక జనం, ప్రసాదం డబ్బాలు, పిల్లల గోల. తలెత్తి హాయిగా నవ్వాడు.

"ఇప్పుడంత దూరం ఎందుకులే చెల్లెమ్మా. ఎవరో ఏంటి, రాజుగారే అయ్యుంటారు" అన్నాడు.

అందరూ తలలూపారు. మా ఆయన కూడా.

"కాదు" అన్నాను. గట్టిగానే అన్నాను. అప్పటికే గంట మోగిస్తున్నారు.